కలకత్తా డాక్టరు గారి రివాల్వర్

అమెరికా పాతకాలపు రివాల్వర్లకూ కోల్‌కతాకూ మధ్య రెండు శతాబ్దాల చుట్టరికం ఉంది. వాటిని భద్రపరుచుకోవాలనుకునే వాళ్లకి మాత్రం ఒకవైపు చట్టం, మరోవైపు తుప్పు

1830 ఆగస్టు 2. బోస్టన్ రేవు నుంచి కోర్వో అనే తెరచాప ఓడ బయల్దేరింది. గమ్యం కలకత్తా. ప్రయాణికుల్లో కొందరు క్రైస్తవ మిషనరీలు ఉన్నారు. సిబ్బందిలో నావికుడి పని నేర్చుకోవడానికి చేరిన పదహారేళ్ల కుర్రాడు ఒకడున్నాడు. అంతకు నెల ముందే, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, ఆమ్‌హర్స్ట్ అకాడమీలో ఫిరంగి పేల్చి నానా హంగామా చేసి చదువుకు మంగళం పాడిన ఘనుడతడు. గళ్ల చొక్కా తొడుక్కుని తెరచాప కొయ్య మీదికెక్కి తాళ్లు విప్పుతుండగా ఓడ కదిలిందని, అతన్ని సాగనంపిన వ్యాపారి లారెన్స్ కుర్రాడి తండ్రికి ఉత్తరం రాశాడు. ఆ కుర్రాడి పేరు శామ్యూల్ కోల్ట్.

తర్వాతి కథ తుపాకుల మీద ఆసక్తి ఉన్న ప్రతివాడికీ కంఠతా వచ్చు. ఓడ చుక్కాని చక్రాన్ని ఎటు తిప్పినా ఏదో ఒక ఆకు సరిగ్గా పట్టుకొయ్య ఎదుటికే వచ్చి ఆగుతుంది. అది చూసిన కోల్ట్‌కు, మందూ గుండూ కూరిన అరల చక్రం కూడా అలాగే ఒక్కొక్క అర చొప్పున తిరిగి గొట్టం వెనక ఆగితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. చాకు తీసుకుని చెక్కతో నమూనా చెక్కాడు. ఆ చెక్క ముక్కలు కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియంలో నేటికీ ఉన్నాయి. కోల్ట్ భార్య ఎలిజబెత్ 1905లో చనిపోతూ తమ సేకరణనంతా ఆ మ్యూజియానికి రాసిచ్చింది. ప్రపంచ చరిత్రనే మలుపు తిప్పిన ఒక ఆయుధం కలకత్తా దారిలో పుట్టిందన్నమాట.

కథ ఇంత నున్నగా ఉంటే అనుమానించాల్సిందే. అనుమానించిన వాళ్లూ ఉన్నారు. కోల్ట్ కంటే ముందే, 1818లో, బోస్టన్ వాడే అయిన ఎలైషా కోలియర్ ఇంగ్లండ్‌లో తిరిగే అరల తుపాకీకి పేటెంట్ తీసుకున్నాడు. అది చెకుముకి తుపాకీ. అరల చక్రాన్ని చేత్తో తిప్పాలి. ఇండియాలోని బ్రిటిష్ సైనికుల దగ్గర అలాంటివి ఉండేవని, కోల్ట్ వాటిని కలకత్తాలో చూసే ఉంటాడని కొందరు చరిత్రకారుల వాదన. కాదు, లండన్‌లో చూశాడని ఇంకొందరు. కోల్ట్ మాత్రం చుక్కాని చక్రం కథనే చెప్పుకున్నాడు. పేటెంట్ కోసం కోర్టులకెక్కే మనిషి, ఫలానా చోట చూసి నేర్చుకున్నానని ఒప్పుకుంటాడా? ఏది నిజమైనా కలకత్తా పేరు మాత్రం ఈ వివాదం నుంచి తప్పించుకోలేదు. ఇప్పుడు కోలియర్ తుపాకీ ఎక్కడ వేలానికొచ్చినా దాని వెనక ఇండియా చరిత్ర ఏమన్నా ఉందా అని ఆరా తీసేది అందుకే.

అమెరికా ఓడ కలకత్తా రావడం అప్పట్లో వింతేమీ కాదు. జార్జి వాషింగ్టన్ 1792లోనే బెంజమిన్ జాయ్‌ని కలకత్తాకు కాన్సుల్‌గా నియమించాడు. అమెరికన్ వర్తకులకు ఇక్కడ దళారీగా వ్యవహరించి కోట్లకు పడగలెత్తిన రాందులాల్ దేకి వాళ్లు కృతజ్ఞతగా 1801లో వాషింగ్టన్ నిలువెత్తు చిత్రపటాన్ని బహూకరించారు. అదిప్పుడు తిరిగి అమెరికా చేరి వాషింగ్టన్ అండ్ లీ యూనివర్సిటీలో ఉంది. కోల్ట్ వచ్చి వెళ్లిన రెండేళ్లకి, 1833లో, ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి టస్కనీ అనే ఓడలో 180 టన్నుల మంచుగడ్డలు పంపించాడు. నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా అందులో సగానికి పైగా కరక్కుండా హుగ్లీ చేరింది. బోస్టన్ చెరువుల నీళ్లతో కలకత్తా దొరలు ద్రాక్ష సారా చల్లబరుచుకున్న రోజులవి.

1831లో ఇంటికి చేరిన కోల్ట్ దగ్గర ఆలోచన ఉంది, డబ్బు లేదు. అందుకని అతడు వేసిన ఎత్తు వింటే నవ్వొస్తుంది. పేరులో ఒక అక్షరం కలుపుకుని 'న్యూయార్క్, లండన్, కలకత్తాల ప్రఖ్యాత డాక్టర్ కౌల్ట్' అవతారమెత్తాడు. ఊరూరా తిరిగి, టిక్కెట్టు పెట్టి, నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి జనాన్ని నవ్వించాడు. వైద్యం చదవలేదు సరికదా బడి కూడా పూర్తి చేయలేదు. కలకత్తా అనే పేరుకి అప్పటి అమెరికా పల్లెల్లో అంత గిరాకీ ఉండేది. ఆ నవ్వుల డబ్బే హార్ట్‌ఫర్డ్‌లో ఆన్సన్ చేజ్, బాల్టిమోర్‌లో జాన్ పియర్సన్ అనే తుపాకీ పనివాళ్ల చేతికి వెళ్లి ఇనుప నమూనాలుగా మారింది. 1835లో ఇంగ్లండ్‌లో, 1836 ఫిబ్రవరి 25న అమెరికాలో పేటెంట్లు వచ్చాయి.

టోపీ పెట్టిన తుపాకీ

కలెక్టర్లు వెంటపడేది కోల్ట్ పేరున్న ప్రతి తుపాకీ వెంటా కాదు. ఇత్తడి తూటాలు రాకముందు, సుమారు 1836 నుంచి 1870ల తొలినాళ్ల దాకా తయారైన 'పెర్కషన్' రివాల్వర్లంటేనే వాళ్లకి పిచ్చి. హిందీలో 'టోపీదార్ బందూక్' అనే మాట ఉంది. అదే ఇది. చెకుముకి రాయి రాల్చే నిప్పురవ్వ వానకీ గాలికీ ఆరిపోతుంది. అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లండ్ మతగురువుకి వేట పిచ్చి. చెకుముకి రవ్వ కనపడగానే బాతులు ఎగిరిపోతున్నాయని విసుగెత్తి, దెబ్బ తగిలితే భగ్గుమనే ఫల్మినేట్ రసాయనంతో మందు అంటించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంట్ చేయించాడు. కొన్నేళ్లకి ఆ రసాయనాన్ని చిన్న రాగి టోపీలో పెట్టారు. తుపాకీ వెనక ఉండే సన్నటి గొట్టానికి ఆ టోపీ తొడిగి సుత్తితో కొడితే చాలు. బాతుల కోసం మొదలైన పని మనుషుల దాకా రావడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఈ రివాల్వర్‌ను నింపడం ఒక తతంగం. ప్రతి అరలోనూ ముందు నుంచి మందు పొయ్యాలి, సీసపు గుండు పెట్టాలి, గొట్టం కింద ఉండే మీటతో కూరాలి. తర్వాత వెనక్కి తిప్పి టోపీలు తొడగాలి. ఒక అర పేలినప్పుడు నిప్పు పక్క అరకి పాకకుండా గుండు మీద కొవ్వో మైనమో పూసేవాళ్లు. కొవ్వు, తూటా అనగానే మనకి గుర్తొచ్చేది 1857. ఆ ఏడాది జనవరిలో కలకత్తా శివార్లలోని డమ్‌డమ్‌లో, తన చెంబుతో నీళ్లివ్వనన్న బ్రాహ్మణ సిపాయిని చూసి, రేపు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు పళ్లతో కొరికినప్పుడు నీ కులం ఏమవుతుందని ఒక ఖలాసీ ఎత్తిపొడిచాడని చరిత్ర చెబుతోంది. ఆ తూటాలు ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌వి. అదీ టోపీ తుపాకీయే. పెర్కషన్ యుగం మన దేశ చరిత్రలోకి ప్రవేశించిన తీరు అది.

కోల్ట్ మొదటి ఫ్యాక్టరీ న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో పెట్టాడు. 1842 నాటికి దివాలా తీశాడు. అక్కడ తయారైన కొద్దిపాటి రివాల్వర్లే ఇప్పుడు కలెక్టర్ల దృష్టిలో మొదటి మెట్టు. మెక్సికో యుద్ధం అతన్ని మళ్లీ నిలబెట్టింది. టెక్సస్ రేంజర్ శామ్యూల్ వాకర్ సలహాతో 1847లో రెండు కిలోల పైచిలుకు బరువుండే భారీ రివాల్వర్ తయారుచేశాడు. సొంత ఫ్యాక్టరీ లేదు కాబట్టి ఎలీ విట్నీ జూనియర్ కార్ఖానాలో చేయించాడు. సైన్యానికి వెయ్యి, బయటివాళ్లకి వంద, మొత్తం 1,100 మాత్రమే. దానికి సలహా ఇచ్చిన వాకర్ ఆ ఏడాదే యుద్ధంలో చనిపోయాడు. 'కోల్ట్ వాకర్' అంటే ఈ రంగంలో కోహినూర్ లాంటిది. 2018లో అమెరికాలోని రాక్ ఐలండ్ వేలంలో ఒకటి, దాని అసలు పెట్టెతో సహా, 18.4 లక్షల డాలర్లు పలికింది.

తక్కినవన్నీ అంత ప్రియం కావు. 1851 నేవీ మోడల్ హార్ట్‌ఫర్డ్‌లో రెండు లక్షలకు పైగా, లండన్‌లో సుమారు 42 వేలు తయారైంది. 1860 ఆర్మీ మోడల్ కూడా రెండు లక్షలు. అంతర్యుద్ధంలో దానికి పోటీగా నిలిచిన రెమింగ్టన్, అరల చక్రం పైన కూడా ఇనుప పట్టీ ఉండటం వల్ల గట్టిదని పేరు తెచ్చుకుంది. ఇన్ని లక్షలున్నవి అరుదైనవెలా అవుతాయి? అవి చూసిన వాడకం వల్ల. యుద్ధాల్లో పోయినవి, పొలం గట్ల మీద తుప్పుపట్టినవి, ఇత్తడి తూటాలకు అనుకూలంగా మార్చేసినవి తీసేస్తే, పుట్టినప్పటి భాగాలతో, పుట్టినప్పటి రంగుతో మిగిలినవి కొన్నే. నేవీ మోడల్ అరల చక్రం మీద 1843 మే 16న కంపెచే దగ్గర జరిగిన నౌకాయుద్ధం బొమ్మ చెక్కి ఉంటుంది. వాడినకొద్దీ అరిగిపోయే ఆ ఓడల తెరచాపలు ఎంతవరకు కనిపిస్తున్నాయన్న దాన్నిబట్టి ధర వందల నుంచి వేలకీ, వేల నుంచి పదివేలకీ ఎగబాకుతుంది.

హుగ్లీ తీరానికి

ఇవి మన దేశానికి ఎలా వచ్చాయి? 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మహా ప్రదర్శనలో కోల్ట్ తన సరుకు పరిచాడు. ఇంగ్లిష్ వాడు రాబర్ట్ ఆడమ్స్ తన రివాల్వర్‌తో పోటీకి దిగాడు. 1853లో కోల్ట్ ఏకంగా లండన్‌లోని పిమ్లికోలో ఫ్యాక్టరీ తెరిచాడు. నాలుగేళ్లు తిరక్కుండానే దాన్ని మూసేసినా, అక్కడ తయారైన నేవీ రివాల్వర్లు సామ్రాజ్యమంతటా పాకాయి. అప్పట్లో బ్రిటిష్ అధికారులు పిస్తోళ్లు సొంత డబ్బుతో కొనుక్కునేవారు. ఇండియాకి పోస్టింగ్ వచ్చినవాడు వెల్వెట్ పరిచిన పెట్టెలో రివాల్వర్, మందు డబ్బా, గుండ్లు పోసే అచ్చు పెట్టుకుని కలకత్తాలో దిగేవాడు. తిరిగి వెళ్లేటప్పుడో, పోయినప్పుడో అవి ఇక్కడే చేతులు మారేవి. లండన్ కోల్ట్‌ను గుర్తుపట్టడం తేలిక. గొట్టం మీద లండన్ చిరునామా, కిరీటం గుర్తున్న ప్రూఫ్ ముద్రలు ఉంటాయి. హార్ట్‌ఫర్డ్ రకానికి ట్రిగ్గర్ చుట్టూ వెండిపూత ఇత్తడి ఉంటే, దీనికి సాధారణంగా ఇనుమే.

కోల్ట్ మంచిదా, ఆడమ్స్ మంచిదా అన్న పోరు తేలింది కూడా ఒక రకంగా మన గడ్డ మీదే. బెంగాల్ సైన్యంలో పనిచేసి విక్టోరియా క్రాస్ పొందిన జార్జి ఫాస్‌బరీ, తర్వాతి రోజుల్లో ఇచ్చిన ఉపన్యాసంలో 1857 నాటి ఉదంతం ఒకటి చెప్పాడు. గురి మీద గర్వమున్న ఓ అధికారి మీదికి సిపాయి కత్తి ఎత్తుకుని వచ్చాడు. అధికారి చేతిలో కోల్ట్ నేవీ. వరసగా కాల్చాడు. ఒకటి తప్ప అన్నీ తగిలాయి. సన్నటి గుండ్లు కావడంతో సిపాయి ఆగలేదు. అధికారి తల పగలగొట్టి, ఆ తర్వాతే తానూ కుప్పకూలాడు. ఇంగ్లిష్ సైనికులు పెద్ద గుండు ఆడమ్స్ వైపు మొగ్గడానికి ఇలాంటి కథలే కారణం. మనవైపు నుంచి చూస్తే ఆ కథలో అసలు మనిషి ఆ సిపాయి. ఫాస్‌బరీ అతని పేరు చెప్పలేదు.

1857 తర్వాత దొరతనం తుపాకీని చూసే చూపే మారిపోయింది. 1878లో లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్స్ తప్పనిసరి చేసి, యూరోపియన్లను మినహాయించింది. రాజులు, జమీందార్ల వంటి కొద్దిమందికే వెసులుబాటు. అందుకే ఇవాళ బెంగాల్‌లో పాత అమెరికన్ రివాల్వర్ ఎక్కడన్నా బయటపడితే అది పెద్దింటి బీరువాలోంచే. లండన్‌లో పేరు మోసిన మాంటన్ల పేరుతో నడిచిన దుకాణం, ఆర్.బి.రోడా, నరసింగ చంద్ర దా... కలకత్తాలో తుపాకుల అంగళ్లంటే ఆ కుటుంబాలకు నగల దుకాణాలంత పరిచయం. పెట్టె మూత లోపల అలాంటి కలకత్తా అంగడి చీటీ చెక్కుచెదరకుండా ఉంటే కలెక్టర్ కళ్లు మెరుస్తాయి. అదే రివాల్వర్ చీటీ లేకుండా వస్తే ఒక ధర, చీటీతో వస్తే ఒక ధర.

రోడా పేరు చెప్పాక 1914 ఆగస్టు 26 గురించి చెప్పకుండా ఉండలేం. ఆ రోజు కస్టమ్స్ నుంచి కంపెనీ సరుకు విడిపించుకు రావడానికి వెళ్లిన గుమాస్తా శ్రీశ్ చంద్ర మిత్ర విప్లవకారుల మనిషి. 202 పెట్టెల్లో 192 గోదాముకి చేరాయి. పది పెట్టెలున్న ఎద్దుబండి మాత్రం దారి మళ్లింది. బండివాడి వేషంలో ఉన్నది హరిదాస్ దత్త. అందులో ఉన్నవి 50 మౌజర్ పిస్తోళ్లు, 46 వేల తూటాలు. వాటిలో 44 పిస్తోళ్లు వెంటనే తొమ్మిది విప్లవ బృందాలకు చేరాయని, ఆ తర్వాత 54 దోపిడీ, హత్యా ఘటనల్లో వాటిని వాడారని 1918లో రౌలట్ కమిటీ లెక్కగట్టింది. 1915 సెప్టెంబర్‌లో బాలాసోర్ దగ్గర బాఘా జతీన్ ఆఖరి పోరాటం చేసిందీ ఆ మౌజర్లతోనే. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రోడ్డులో, ఒకప్పుడు రాజా రామ్‌మోహన్ రాయ్ నివసించిన ఇంట్లో ఉన్న కోల్‌కతా పోలీస్ మ్యూజియంలో ఆనాటి విప్లవకారుల ఆయుధాలు చూడొచ్చు. సరిగ్గా ఎనిమిదేళ్ల తర్వాత, 1922 ఆగస్టులో, మన అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి 26 తుపాకులు పట్టుకెళ్లిందీ అదే కారణంతో. కొనుక్కోనివ్వరు కాబట్టి.

ఇంత రక్తచరిత్రలో ఒక ఆటవిడుపు. జొరాసాంకోలో తుపాకుల వ్యాపారి నరసింగ చంద్ర దా వారింటిని స్థానికులు 'బొందుక్‌వాలా బాడీ' అంటారు. 1859లో మొదలైన ఆ ఇంటి దుర్గాపూజలో సంధిపూజ ముహూర్తానికి చిన్న ఫిరంగి పేలుస్తారు. మూరెడు కూడా లేని ఆ ఫిరంగి అమెరికాలోని వించెస్టర్ కంపెనీ తయారీ. అమ్మవారికి అమెరికా ఫిరంగి వందనం.

చట్టం చూపులో

ఇక అసలు చిక్కు. అమెరికాలో 1968 నాటి చట్టం ఒక గీత గీసింది. 1898లోనో అంతకుముందో తయారైనది పురాతన వస్తువు. ఫెడరల్ చట్టం దృష్టిలో అది తుపాకీయే కాదు. బ్రిటన్‌లో కూడా అలంకారంగానో, అపురూప వస్తువుగానో ఉంచుకునే పాత తుపాకీకి మినహాయింపు ఉంది. మన 1959 ఆయుధాల చట్టంలో అలాంటి తేదీ లేదు. పేలుడు శక్తితో గుండు విసిరేది ఏదైనా తుపాకీయే. 45వ సెక్షన్‌లో ఒక చిన్న కిటికీ మాత్రం తెరిచిపెట్టారు. వాడుకలో లేని నమూనా, పురాతన విలువ ఉన్నది, లేదా పాడైపోయినది అయి ఉండి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదైతే చట్టం వర్తించదు.

ఆ చివరి షరతులోనే ఉంది మెలిక. కోల్ట్ నేవీ లాంటి దిట్టమైన వస్తువుకి 170 ఏళ్లు దాటినా, స్ప్రింగు ఒకటి మార్చి నాలుగు టోపీలు తొడిగితే పేలుతుంది. కాబట్టి అది పురాతనమైనదే అయినా తుపాకీయే. లైసెన్స్ కావాలి. లైసెన్స్ వద్దనుకుంటే ఎప్పటికీ పేలకుండా గొట్టం పూడ్చాలి, చక్రం కోయాలి. అలా చేసిన మరుక్షణం అది కలెక్టర్‌కి పనికిరాదు, చరిత్రకారుడికీ పనికిరాదు. చోళుల కంచు విగ్రహాన్ని ఇంట్లో పెట్టుకోవాలంటే ముక్కు కొట్టేయాలని చట్టం చేస్తే ఎలా ఉంటుంది?

2019 డిసెంబర్‌లో వచ్చిన సవరణ ముడి ఇంకా బిగించింది. అంతకుముందు ఒక వ్యక్తి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. అది రెండుకి తగ్గింది. బిల్లులో మొదట ఒకటే అన్నారు. అభ్యంతరాలొచ్చాక రెండు చేశారు. మూడోది ఏడాదిలోగా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించాలి. వారసత్వంగా వచ్చినవైనా సరే, రెండే. ఒక మనిషి రెండు తుపాకులతో కలెక్టర్ ఎలా అవుతాడు? స్టాంపుల సేకరణకు రెండు స్టాంపుల పరిమితి పెట్టినట్టు. అందునా ఆ రెండింటిలో ఆత్మరక్షణకి కొనుక్కున్న ఇప్పటి రివాల్వర్ ఒకటి ఉంటే, ముత్తాత నాటి కోల్ట్‌కి మిగిలేది ఒక్క చోటే.

అసలు నష్టం జరిగేది లైసెన్స్‌దారు కన్నుమూసినప్పుడు. వారసుడికి లైసెన్స్ లేకపోతే ఆ రోజు నుంచి అది అక్రమ ఆయుధం. చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్టేషన్‌కో, డీలర్‌కో అప్పగించాలి. గడువులోగా లైసెన్స్ తెచ్చుకుని విడిపించుకోకపోయినా, లైసెన్స్ ఉన్నవాడికి అమ్ముకోకపోయినా అది ప్రభుత్వపరం అవుతుంది. ఆ తర్వాత దాని గతి ఏమిటన్నది వారసుడి చేతిలో ఉండదు. మాల్‌ఖానాలో నాటు తుపాకుల కుప్పలో ప్యాటర్సన్ కోల్ట్ పడి ఉన్నా దాన్ని గుర్తుపట్టాల్సిన బాధ్యత చట్టం ఎవరిమీదా పెట్టలేదు. పిల్లలు బెంగళూరులోనో, న్యూజెర్సీలోనో ఉంటారు. ఉత్తర కోల్‌కతాలో పాత ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశారు. బీరువాలో దొరికిన తుపాకీ కోసం లాల్‌బజార్ చుట్టూ ఎవరు తిరుగుతారు? భయపడి చడీచప్పుడు కాకుండా హుగ్లీలో పడేద్దామనుకునే వాళ్లని తప్పుపట్టలేం. కాని చరిత్ర పోయేది అలాగే.

పోనీ అమెరికా వేలానికి పంపితే? వీల్లేదు. వందేళ్లు దాటిన పురావస్తువుని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతోంది. తయారైంది అమెరికాలో కదా అన్న వాదన నిలవదు. ఇక్కడున్నదానికి ఇక్కడి చట్టమే. కోల్‌కతా రసెల్ స్ట్రీట్‌లో 1940 నుంచీ నడుస్తున్న రసెల్ ఎక్స్ఛేంజ్ లాంటి వేలం శాలల్లో జమీందార్ల గడియారాలు, గ్రామఫోన్లు, గాజు దీపాలు చేతులు మారినంత సులువుగా రివాల్వర్ మారదు. లక్షల డాలర్ల మాట పేపర్లో చదివి సంబరపడే వారసుడికి ఇక్కడ దక్కేది లైసెన్స్ ఉన్న మరొకరు ఇచ్చినంత.

పోలీసుల వైపు నుంచి చూస్తే వాళ్ల భయమూ తీసిపారేసేది కాదు. టోపీ తుపాకీ చంపలేదని ఎవరన్నా అంటే 1857లో పోయినవాళ్లు ఒప్పుకోరు. పక్కనే బీహార్‌లోని ముంగేర్ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో నవాబు మీర్ కాసిం తుపాకులు చేయించిన ఆ ఊరి పేరు ఇప్పుడు దొంగతుపాకులకు మారుపేరు. 'పురాతన' ముసుగులో కొత్త సరుకు నడవదన్న హామీ ఎవరిస్తారు? అయితే దీనికి పరిష్కారం లేకపోలేదు. తయారైన ఏడాదిని బట్టి ఒక గీత గీసి, నిపుణుల చేత పరీక్ష చేయించి, ఫొటోలతో రిజిస్టర్ చేసి, టోపీలూ మందూ మాత్రం ఉంచుకోరాదంటే సరిపోతుంది. తూటాలు లేని రివాల్వర్ కన్నా, టోపీలు లేని పెర్కషన్ రివాల్వర్ ఇంకా నిరపాయకరం. 2019లో చట్టాన్ని తెరిచినప్పుడే ఈ పని చేసి ఉండాల్సింది.

తుప్పు, దొంగసరుకు

కొనేవాడికి ఇంకో గండం నకిలీలు. 1950ల చివర్నుంచి ఇటలీ ఫ్యాక్టరీలు అమెరికా అంతర్యుద్ధం నాటి రివాల్వర్లకు నకళ్లు చేస్తున్నాయి. ఉబెర్టీ అలాంటిదే. కోల్ట్ కంపెనీ తానే 1971లో నేవీ మోడల్‌ను మళ్లీ తీసింది. వీటిలో మోసమేమీ లేదు, కొత్తవని చెప్పే అమ్ముతారు. మోసం మధ్యలో వస్తుంది. ఇటలీ ప్రూఫ్ ముద్రలు అరగదీసి, ఆమ్లంతో తుప్పు తెప్పించి, పిడి చెక్కని టీ నీళ్లలో నానబెట్టి ముత్తాత ఆస్తిగా అంటగడతారు. అసలుదాన్ని పట్టుకోవడానికి మొదటి పరీక్ష నంబర్లు. గొట్టం, ఫ్రేము, ట్రిగ్గర్ గార్డు, పిడి వెనక పట్టీ, అరల చక్రం, గొట్టాన్ని బిగించే చీల, అన్నిటిమీదా ఒకే నంబరు ఉండాలి. రెండోది టోపీ తొడిగే చోటు. ఫల్మినేట్ పొగ ఇనుముని తినేస్తుంది. నిజంగా కాల్చిన పాత తుపాకీకి అక్కడ సన్నటి గుంటలుంటాయి. గొట్టమంతా తుప్పుపట్టి టోపీ చోటు మాత్రం నిగనిగలాడుతుంటే అనుమానించాలి. మూడోది చెక్కుడు. అరిగిన బొమ్మ అంచులు మెత్తగా ఉంటాయి. కొత్తగా గీకిన గీత చేతికి గరుగ్గా తగులుతుంది.

కోల్‌కతా వాతావరణం సంగతి వేరే చెప్పాలా? జూన్ నుంచి అక్టోబర్ దాకా గోడలకే చెమట పడుతుంది. ఆ తేమలో చేతి వేలి ముద్ర కూడా వారంలో ఎర్రటి మచ్చ అవుతుంది. తోలు సంచిలోనో, వెల్వెట్ పెట్టెలోనో ఉంచడం అన్నిటికంటే ప్రమాదం. తోలులోని ఆమ్లం, గుడ్డ పీల్చిన తేమ రెండూ ఇనుముకి శత్రువులే. పెట్టెని పెట్టెగానే దాచి, తుపాకీని పక్కన విడిగా పెట్టడం, చేతికి తొడుగు వేసుకోవడం, పలుచగా మైనం పూయడం, ఇంతే వైద్యం. దసరాకి ఆయుధపూజ పేరుతో చింతపండు, ఇటుక పొడి పెట్టి తోమే అలవాటున్న వాళ్లకి ఓ మాట. తోమిన రోజునే సగం విలువ పోతుంది. గోధుమ రంగులోకి తిరిగిన ఆ పైపొరే దాని పుట్టుమచ్చ. అది పోయాక వజ్రం మెరుగు తెచ్చినా కొనేవాడు పెదవి విరుస్తాడు.

చూడటమే చాలనుకునే వాళ్లకి దారులున్నాయి. విక్టోరియా మెమోరియల్‌లో ఆయుధాల సేకరణ ఉంది. ముర్షీదాబాద్ హజార్‌దువారి ప్యాలెస్‌లో నవాబుల ఆయుధశాల భారత పురావస్తు శాఖ చేతిలో ఉంది. మనకి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీ ఎలాగూ ఉంది. అద్దం వెనకున్న రివాల్వర్ ముందు నిలబడినప్పుడు లేబుల్ మీద చూడాల్సింది మూడు. తయారైన చోటు, వరస నంబరు, ఎవరి ఇంటినుంచి వచ్చిందన్నది. మొదటి రెండూ ఇనుము మీదే రాసి ఉంటాయి, ఎప్పుడైనా చదువుకోవచ్చు. మూడోది మాత్రం ఇచ్చినవాడు చెబితేనే తెలుస్తుంది. వారసుడు తుపాకీని ఠాణాలో అప్పగించే ముందు, పాత లైసెన్స్ పుస్తకం, కొన్న రసీదు, తాతగారి ఫొటో ఉంటే అన్నిటికీ నకళ్లు తీసి ఒక ప్రతి అక్కడిచ్చి, ఒకటి తన దగ్గర ఉంచుకోవాలి. మ్యూజియానికి ఇవ్వదలిస్తే ఆ సంగతి రాతపూర్వకంగా తెలిపి, లైసెన్సింగ్ అధికారి అయిన పోలీస్ కమిషనర్‌కూ ఒక దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పగింతకు గడువు ఉంది కాబట్టి ఆ పని మొదటి వారంలోనే చేయాలి.